ఒకే వంటిల్లు, రెండు రకాల ఆకలి: ఒక ఇంట్యూటివ్ ఈటింగ్ శిక్షణపై సమీక్ష

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఒక పోషకాహార సలహా సంస్థ తెలుగులో ఆన్‌లైన్‌గా నడుపుతున్న ఇంట్యూటివ్ ఈటింగ్ శిక్షణలో నేనూ మావారూ కలిసి చేరాం. కేలరీల లెక్కలు, కొలతలు, తినకూడని వాటి పట్టికలు పక్కన పెట్టి, ఆకలి వేసినప్పుడు తినడం, కడుపు నిండగానే ఆపడం, ఇష్టమైనది తిన్నందుకు మనల్ని మనం నిందించుకోకపోవడం అనే అలవాట్లను పెద్దవాళ్లకు మళ్లీ నేర్పడం దీని ఉద్దేశం. ఒకే ఇంట్లో ఒకే వంట తినే ఇద్దరం చేరడం వల్ల, ఒకే పాఠం ఆడవారి విషయంలో ఒకలా, మగవారి విషయంలో మరోలా పనిచేయడం, శరీర బరువును బట్టి మళ్లీ మారిపోవడం దగ్గరగా గమనించగలిగాం. పాఠాలు చాలావరకు బాగున్నాయి. ఈ తేడా గురించి మాత్రం సంస్థ దాదాపుగా ఏమీ చెప్పలేదు. నా అసంతృప్తి అంతా అక్కడే ఉంది. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి శిక్షణలు ఇప్పుడు చాలా వస్తున్నాయి కనుక, డబ్బు కట్టే ముందు ఏమేం అడగాలో తెలియడమే చదివేవారికి ఎక్కువ ఉపయోగం.

ఈ పద్ధతికి మూలం 1995లో ఎవెలిన్ ట్రిబోలి, ఎలీస్ రెష్ అనే ఇద్దరు అమెరికన్ డైటీషియన్లు రూపొందించిన పది సూత్రాలు. డైటింగ్ ఆలోచనను వదలడం, ఆకలిని గౌరవించడం, తిండితో రాజీపడడం, తృప్తిని గుర్తించడం, శరీరాన్ని గౌరవించడం వంటివి అందులో ఉన్నాయి. మా శిక్షకురాలు వాటిని వారానికి కొన్ని చొప్పున, మన భోజనాల ఉదాహరణలతో చక్కగా వివరించారు. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి కలిపిన మొదటి ముద్దలో ఉన్న రుచి పదో ముద్దకు ఎంత మిగులుతుందో గమనిస్తూ తినమన్న అభ్యాసం తరగతిలో అందరికీ నచ్చింది. నాకైతే శిక్షణ మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చిన పాఠం అదే.

మొదటి తరగతికి ముందే అందరి చేతా ఒక ప్రశ్నావళి పూర్తి చేయించారు. ఓహియో స్టేట్ యూనివర్సిటీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ట్రేసీ టిల్కా 2006లో తయారుచేసిన ఇంట్యూటివ్ ఈటింగ్ స్కేల్‌కు ఇది రెండో రూపం. తొలి రూపాన్ని కాలేజీలో చదివే అమ్మాయిలతోనే పరీక్షించారు. 2013లో వచ్చిన రెండో రూపాన్ని ఆడవారినీ మగవారినీ కలిపి, రెండు వేల ఐదు వందల మందికి పైగా కాలేజీ విద్యార్థులతో పరీక్షించారు. ఇందులో 23 వాక్యాలు ఉంటాయి. ఒక్కొక్కదానికి ‘అస్సలు ఒప్పుకోను’ నుంచి ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ వరకు 1 నుంచి 5 అంకెలలో ఒకటి ఎంచుకోవాలి. ఆంక్షలు పెట్టుకోకుండా తినడం, భావోద్వేగాల కోసం కాక శరీర అవసరం కోసం తినడం, ఆకలి, తృప్తి సంకేతాలను నమ్మడం, శరీరానికి సరిపడే ఆహారాన్ని ఎంచుకోవడం అనే నాలుగు విషయాలను ఇది విడివిడిగా కొలుస్తుంది. ప్రశ్నావళి చిన్నది, తేలికగా పూర్తవుతుంది, అడిగే తీరు మర్యాదగా ఉంటుంది. తెలుగు అనువాదం కూడా చదవడానికి హాయిగా ఉంది.

మా ఇద్దరిలో బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తును బట్టి బరువును లెక్కించే కొలత) మావారిదే ఎక్కువ. ప్రశ్నావళిలో ఎక్కువ మార్కులు వచ్చింది కూడా ఆయనకే. ఆయన సగటు నాలుగు దాటింది, నాది మూడుకు చేరలేదు. శిక్షకురాలు మా ఫలితాలు చూసి, “సార్‌కు శరీరం మీద నమ్మకం ఉందండీ, మీరు ఇంకా సాధన చేయాలి” అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేకపోయాను. నమ్మకం అనేది ఒకరికి పుట్టుకతో వచ్చి, ఇంకొకరికి రాకుండా పోయిన గుణమేమీ కాదు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనిదే దాన్ని సరిదిద్దడం సాధ్యం కాదు.

మగవారి సగటు ఎక్కువగా ఉండడం మా ఇంటికే పరిమితమైన విషయం కాదు. 2013 నాటి టిల్కా అధ్యయనంలోనూ మగవారి మార్కులే ఎక్కువ. అమెరికాలోని మిన్నెసోటాలో ప్రాజెక్ట్ ఈట్ పేరుతో యువతీ యువకుల ఆహారపు అలవాట్లను ఏళ్ల తరబడి గమనిస్తున్న బృందం కూడా, ఎంత తినాలో తమ శరీరమే చెబుతుందని నమ్మేవారు ఆడవారిలో కన్నా మగవారిలో ఎక్కువని 2013లో ప్రచురించింది. 2021లో 97 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలోనూ అదే ధోరణి కనిపించింది. బరువు సంగతికి వస్తే, న్యూజీలాండ్‌లో 40 నుంచి 50 ఏళ్ల మధ్య వయసున్న 1,601 మంది మహిళలపై 2012లో వచ్చిన అధ్యయనంలో, ఆకలి సంకేతాలను బట్టి తినేవారి బాడీ మాస్ ఇండెక్స్ తక్కువగా ఉంది. ఫ్రాన్స్‌లో 2009లో మొదలైన న్యూట్రినెట్ సాంతే అధ్యయనంలో పాల్గొన్న యాభై వేల మందికి పైగా స్త్రీ పురుషుల సమాచారాన్ని 2016లో విశ్లేషించినప్పుడు కూడా, ఇంట్యూటివ్ ఈటింగ్ మార్కులు పెరిగినకొద్దీ అధిక బరువు, ఊబకాయం ఉండే అవకాశం తగ్గుతూ వచ్చింది. ఆ సంబంధం ఇద్దరిలోనూ కనిపించింది. సగటులు చెప్పేది ఇదీ. మావారిలా బరువూ మార్కులూ రెండూ ఎక్కువగా ఉన్నవాళ్లు ఆ సగటుల లోపలే ఉంటారు, వాళ్ల గురించి సగటు ఏమీ చెప్పదు.

ఇవన్నీ చాలావరకు ఒకే సమయంలో బరువునూ అలవాటునూ కొలిచిన అధ్యయనాలు కనుక, ఏది ముందు వచ్చిందో వీటితో తేల్చలేం. ఆకలి మాట వినేవారు బరువు పెరగకపోవచ్చు. లేదా బరువు ఎక్కువగా ఉన్నవారు చిన్నప్పటి నుంచి అందరి మాటలూ పడి, డైటింగ్ మీద డైటింగ్ చేసి, చివరకు ఆకలి మీద నమ్మకమే పోగొట్టుకుని ఉండవచ్చు. మా తరగతిలో బరువు ఎక్కువగా ఉన్న మహిళలు చెప్పుకున్నవి వింటే, రెండో దారి చాలా బలంగా ఉందనిపించింది. పెళ్లిచూపులకు ముందు ఒక పూట భోజనం మానేసినవారు, కాన్పు తర్వాత బంధువుల వ్యాఖ్యలు భరించలేక నెలల తరబడి అన్నం ముట్టనివారు, వేడినీళ్లు, నిమ్మరసం, చిరుధాన్యాలు, కీటో అంటూ ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించినవారు ఉన్నారు. “మీ శరీరం మీద మీకు నమ్మకం లేదు” అని వీరికి మళ్లీ కొత్తగా చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఆంక్ష పెడితే మగవారికీ ఇదే జరుగుతుందనడానికి గట్టి ఆధారం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944-45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు 24 వారాల పాటు వారి అవసరంలో దాదాపు సగం ఆహారమే ఇచ్చింది. వారు సుమారు పాతిక శాతం బరువు తగ్గారు. దానితోపాటు మాటల్లో, కలల్లో తిండి తప్ప మరొకటి లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు చదువుతూ, వంటకాల విధానాలు సేకరిస్తూ గడిపారు. ఆంక్షలు తొలగాక కూడా చాలామందికి ఎంత తిన్నా తృప్తి కలగక, కడుపు పట్టనంత తినేవారు. వారంతా మగవారే. కాబట్టి ఆడవారి మార్కులు తగ్గడానికి కారణం ఆడతనంలో లేదు. ఎవరి మీద ఎక్కువ ఆంక్షలు, ఎక్కువ కాలం పడ్డాయన్న దానిలో ఉంది. ఈ ప్రయోగాన్ని శిక్షణలో చెప్పారు, కానీ కేవలం డైటింగ్ చెడ్డదని చెప్పడానికే వాడుకున్నారు. ఇందులో పాల్గొన్నది మగవాళ్లని గుర్తు చేసి ఉంటే, ఆ తరగతిలో ఉన్న ఆడవారిలో సగం మందికి గుండె బరువు దిగేది.

ఇక మన ఇళ్ల సంగతి. ఆకలిని ఒకటి నుంచి పది వరకు అంకెలతో గుర్తించే కార్డు ఒకటి ఇచ్చి, మూడు, నాలుగు మధ్య ఉన్నప్పుడు తినడం మొదలుపెట్టి, ఆరు, ఏడు దగ్గర ఆపమన్నారు. మావారికి ఇది సులువుగా సాగింది, ఎందుకంటే ఆయనకు ఆకలి వేసిన నిమిషానికి కంచం ముందుకు వస్తుంది. పిల్లలకు పెట్టి, అత్తయ్యగారికి పెట్టి, ఆయనకు వడ్డించి, మధ్యలో అప్పడాలు వేయించి, చివర్లో కూర్చునేవారికి ఆ కార్డు వేరే విధంగా పనిచేస్తుంది. తరగతిలో గుంటూరు వైపు నుంచి చేరిన ఒకావిడ, “అందరికీ వడ్డించి కూర్చునేసరికి ఆకలి చచ్చిపోతుంది మేడమ్, అప్పుడు ఏ అంకె వేయమంటారు?” అని అడిగారు. ముందే తినేయమని సమాధానం వచ్చింది. కోడలిగా ఉన్నవారికి అది ఎంత కష్టమో ఆ సమాధానం ఇచ్చినవారికి తెలియకపోదు. ఆకలి చచ్చిపోయాక తినే అన్నానికి కొలత ఉండదు. ఒకరోజు రెండు ముద్దలతో లేచిపోతాం, ఇంకోరోజు గిన్నెలో మిగిలిపోయింది పారేయడం ఇష్టం లేక అడుగు వరకూ తింటాం. దీన్ని భావోద్వేగాల కోసం తినడం అనలేం, శరీర అవసరం కోసం తినడమూ అనలేం. ప్రశ్నావళిలో దీనికి చోటే లేదు.

వ్రతాలూ ఇలాంటివే. కొన్ని పదార్థాలను దూరం పెడుతున్నానని ఒప్పుకుంటే ఆ ప్రశ్నావళిలో మార్కులు తగ్గుతాయి. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు, కార్తీక మాసమంతా మాంసం ముట్టనివారు, సోమవారం ఉపవాసం చేసేవారు సన్నబడడం కోసం ఆ పని చేయడం లేదు. మన ఇళ్లలో ఈ నియమాలను ఎక్కువగా పాటించేది ఆడవారే కనుక, భక్తితో మానుకున్నదాన్ని కూడా బరువు భయంతో మానుకున్నదానితో కలిపి లెక్కవేస్తే వారి మార్కులు అన్యాయంగా పడిపోతాయి. ఒక దేశంలో తయారైన కొలమానాన్ని ఇంకో దేశానికి తెచ్చేటప్పుడు భాష మారిస్తే సరిపోదు. ఏ వాక్యం ఇక్కడ దేన్ని కొలుస్తోందో మళ్లీ పరీక్షించాలి.

మావారికి వచ్చిన ఎక్కువ మార్కుల వెనుక ఏముందో కూడా చెప్పాలి. బాధగా ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, ఒత్తిడిలో ఉన్నప్పుడు తింటారా అన్న వాక్యాలన్నిటికీ ఆయన లేదనే సమాధానమిచ్చారు, నిజాయితీగానే ఇచ్చారు. రెండో వారం నుంచి కేలరీలు లేని ఆహార డైరీ రాయమన్నారు: ఏం తిన్నాం, అప్పుడు ఏం జరుగుతోంది, తిన్నాక ఎలా ఉంది అనే మూడు గడులు మాత్రమే. అమెరికా బృందంతో రాత్రి ఆఫీసు కాల్ ఉన్న ప్రతిసారీ ఆయన మిక్చర్ డబ్బా, చేగోడీల డబ్బా ఖాళీ చేస్తున్నారని ఆ డైరీలో ఆయన చేతిరాతతోనే తేలింది. అది ఆకలి కాదని ఆయనకే ఆశ్చర్యం కలిగింది. తన ఒత్తిడిని ఒత్తిడి అని చెప్పుకునే అలవాటు లేని మగవారు భావోద్వేగాల గురించిన ప్రశ్నలకు ఇచ్చే జవాబులను మార్కులుగా తీసుకుని ఆనందించడం తొందరపాటు. ఈ డైరీ మాత్రం శిక్షణలో ఎంతో విలువైన సాధనం. ప్రశ్నావళి తప్పిపోయిన చోట డైరీ పట్టుకుంది.

ఇంకొకటి కొసరి వడ్డించడం. మగపిల్లవాడు గట్టిగా తినాలని చిన్నప్పటి నుంచి చాలు అన్నా వినకుండా మారు వడ్డిస్తూ వచ్చిన ఇంట్లో పెరిగినవారికి, కడుపు నిండిందన్న సంకేతం మీద గౌరవం ఎలా మిగులుతుంది? ఆడపిల్లకు ఆకలిని అణచుకోవడం నేర్పుతాం, మగపిల్లవాడికి తృప్తిని దాటి తినడం నేర్పుతాం. మా అత్తయ్యగారు ఒక తరగతిని పక్కన కూర్చుని విన్నారు. ఆ తర్వాత మావారు చెయ్యి అడ్డం పెడితే గరిటె వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. ఇంటి పెద్దలను ఒక్క తరగతికైనా పిలవాలని సంస్థకు రాశాను.

మా తరగతిలో జిమ్‌కు వెళ్లే ఒక యువకుడూ ఉన్నాడు. బక్కగా ఉన్నావన్న మాట పడలేక, ఆకలి ఉన్నా లేకపోయినా గంట కొట్టినట్లు రోజుకు ఆరుసార్లు గుడ్లు, చికెన్, ప్రొటీన్ పొడి తీసుకునేవాడు. సన్నబడాలన్న ఒత్తిడిని పట్టుకున్నంత బాగా కండలు పెంచాలన్న ఒత్తిడిని ఈ ప్రశ్నావళి పట్టుకోదు. అతనికి మంచి మార్కులు వచ్చాయి. శిక్షకురాలు అతనితో విడిగా మాట్లాడి, ఆకలి లేని పూట వదిలేయమని ధైర్యం చెప్పడం నాకు చాలా నచ్చింది.

తరగతిలో మగవారు చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. బరువు సమస్య మాత్రం ఆడవారికే పరిమితం కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారిలో సుమారు 36 శాతం, మగవారిలో సుమారు 31 శాతం. తెలంగాణలో ఆడవారిలో 30 శాతం, మగవారిలో 32 శాతం. పక్కపక్కనే ఉన్న ఈ అంకెలు చూశాక, బొజ్జ ఉన్న మగవారిని సుఖపురుషుడని మెచ్చుకుంటూ, అదే బరువున్న ఆడవారికి మాత్రం సలహాల మీద సలహాలు ఇవ్వడం ఎంత అసమానమో అర్థమవుతుంది. సంస్థ ప్రకటనల్లో కనిపించే బొమ్మలన్నీ ఆడవారివే కావడం కూడా ఆ అసమానతలో భాగమే.

ఆ ప్రకటనల్లోనే నాకు తీవ్రమైన అభ్యంతరం ఉన్న మాట ఒకటి ఉంది: ఆకలి విని తింటే బరువు దానంతట అదే తగ్గుతుందని. ఇది ఆధారం లేని వాగ్దానం. శిక్షణ ఇచ్చి చూసిన ప్రయోగాలను 2014లో సమీక్షించినప్పుడు, ఇంట్యూటివ్ ఈటింగ్ బరువును నిలకడగా ఉంచడానికి తోడ్పడుతుందని, తగ్గించడానికి తోడ్పడుతుందని మాత్రం గట్టిగా చెప్పలేమని తేలింది. తరగతిలో వారే ప్రస్తావించిన 2005 నాటి అమెరికన్ ప్రయోగం కూడా దీన్నే చూపిస్తుంది. ఊబకాయం ఉండి ఏళ్లుగా డైటింగ్ చేస్తూ వచ్చిన 78 మంది మహిళల్లో డైట్ బృందం మొదట బరువు తగ్గి, రెండేళ్లు తిరిగేసరికి చాలావరకు మళ్లీ పెరిగింది. ఆకలిని, శరీర అంగీకారాన్ని నేర్చుకున్న బృందం బరువు తగ్గకపోయినా నిలకడగా ఉంది. రక్తపోటు, కొలెస్ట్రాల్, ఆత్మగౌరవం మెరుగుపడ్డాయి. మధ్యలో మానేసినవారు కూడా చాలా తక్కువ. ఇది గొప్ప ఫలితమే. దీన్ని ఉన్నది ఉన్నట్లు చెప్పుకున్నా శిక్షణకు మంచి పేరే వస్తుంది. ఆ ప్రయోగంలో ఒక్క మగవాడూ లేడన్న సంగతి కూడా చెప్పి ఉండాల్సింది. మా విషయంలో, శిక్షణ పూర్తయ్యేసరికి నా బరువులో మార్పు లేదు, మావారు కొద్దిగా తగ్గారు. నేను మాత్రం ఇంట్లో కాజాలు, సున్నుండలు ఉన్నాయన్న ఆలోచనతో రోజంతా సతమతం కావడం మానేశాను. నాకు ఈ మార్పు చాలా పెద్దది.

శరీర ధర్మం విషయంలో శిక్షణ పలచగా ఉంది. నెలసరికి ముందు రోజుల్లో చాలామంది ఆడవారికి ఆకలి పెరగడం సహజమని, మెనోపాజ్ దశలో ఆకలి, బరువు రెండూ మారతాయని ఒక్క తరగతిలోనూ చెప్పలేదు. దాంతో ఆ రోజుల్లో పెరిగిన ఆకలిని కొందరు తమ వైఫల్యంగా డైరీలో రాసుకున్నారు. మన రాష్ట్రాల్లో సగం మందికి పైగా మహిళలకు రక్తహీనత ఉన్నప్పుడు, ఆకలి తీరడం ఒక్కటే చాలదని, ఆకుకూరలు, పప్పులు, గుడ్డు వంటివి కంచంలో ఉండాలని చెప్పడం నిషేధాల పట్టిక ఇవ్వడం కిందికి రాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిని శిక్షణకు జోడిస్తే ఈ లోటు తీరిపోతుంది.

షుగర్ ఉన్నవారి విషయంలో జాగ్రత్త తప్పనిసరి. ఇన్సులిన్ గాని, షుగర్‌ను బాగా తగ్గించే కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు ఆకలి వేసేదాకా ఆగుదామని భోజనం వాయిదా వేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. 2025 మార్చిలో మన దేశంలో విడుదలైన టిర్జెపటైడ్ వంటి, షుగర్‌కూ బరువు తగ్గడానికీ వాడే వారపు ఇంజెక్షన్లు తీసుకునేవారికి ఆకలి సంకేతమే మందు వల్ల తగ్గి ఉంటుంది కనుక ఆ కార్డు వారికి సరిగా వర్తించదు. చేరేముందు మందుల వివరాలు అడిగే ఫారం ఉంది, కానీ దాన్ని చదివి ఎవరూ విడిగా మాట్లాడలేదు. పీసీఓఎస్ (ఆడవారిలో అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య), థైరాయిడ్ ఉన్నవారికీ, గతంలో తిండి మానేయడం, తిని వాంతి చేసుకోవడం వంటి సమస్యలు ఉన్నవారికీ వైద్యుల తోడు లేకుండా ఈ శిక్షణను సూచించలేను.

నిర్వహణ విషయానికి వస్తే, తరగతులు సమయానికి మొదలయ్యాయి, వాట్సాప్ బృందంలో ప్రశ్నలకు జవాబులు త్వరగానే వచ్చాయి, రుసుము నగరంలోని మంచి జిమ్ తీసుకునే దానికి దగ్గరగా ఉంది. తరగతి సమయం మాత్రం సాయంత్రం ఏడు గంటలు. ఆ సమయంలో ఆడవారిలో సగం మంది కెమెరా ఆపేసి, ఫోన్‌ను పొయ్యి పక్కన పెట్టుకుని, కుక్కర్ కూతల మధ్య పాఠం విన్నారు. మగవారు కుర్చీల్లో కూర్చుని నోట్సు రాసుకున్నారు. రికార్డింగులు వారం తర్వాత తొలగిస్తున్నారు కనుక మళ్లీ వినే అవకాశమూ లేదు. ఈ రెండూ మార్చమని మాలో చాలామంది కోరాం. తర్వాతి బృందానికి మధ్యాహ్నం మూడు గంటల తరగతి కూడా పెడతామని సంస్థ సమాధానమిచ్చింది. రికార్డింగుల గురించి ఇంకా ఏమీ చెప్పలేదు. చేరాలనుకునేవారు ఆ మధ్యాహ్నపు తరగతి వచ్చేదాకా ఆగడం మంచిది. వీలైతే ఇంట్లో వడ్డించేవారూ తినేవారూ కలిసి చేరండి.